చప్టా మీద నీళ్ళు తగ్గేలోపు

బస్సు వాగు ఒడ్డున ఆగిపోయి చాలాసేపయింది. చప్టా మీద నీళ్ళు మోకాళ్ళ దాకా పారుతున్నాయని, అంచు రాళ్ళు బయటపడేదాకా బండి దించేది లేదని డ్రైవరు తెగేసి చెప్పాడు. తువ్వాలు తలకు చుట్టుకుని టేకుచెట్ల కిందికి పోయి బీడీ వెలిగించుకున్నాడు. బస్సులో అందరూ ఉసూరుమన్నారు. గోరికి మాత్రం లోపల్లోపల హాయిగానే అనిపించింది. తాండా ఇక్కడికి ఎంతో దూరం లేదు, వాగు దాటి రెండు మూడు స్టేజీలు పోతే దిగడమే. ఎంత ఆలస్యమైతే అంత మంచిది, ఈ వాన ఇలాగే కురిసి ఈ వాగు ఇలాగే పారి ఇక్కడే తెల్లారితే ఇంకా మంచిది అనుకుంది. అనుకుని, ఆ మాట పైకి గానీ వచ్చిందా అని భయపడి పక్కకు చూసింది. పక్కన కిటికీ వైపు కూతురు హేమ్లి, జడ ముందుకు వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. పదిహేడేళ్ళ పిల్ల, భద్రాచలంలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ సంచిలో నాయనమ్మ మోకాళ్ళకని కొన్న నూనె సీసా ఉంది. నాయనమ్మ మంచం పట్టింది, నిన్నే కలవరిస్తోంది అని గోరి పొద్దున హాస్టల్‌కు వెళ్ళి చెప్పగానే ఆ పిల్ల మారుమాట లేకుండా సెలవు అడిగింది, దారిలో దుకాణం దగ్గర ఆగి ఆ సీసా కొన్నది. అత్త మంచం పట్టడమేమిటి, గుండ్రాయిలా ఉంది, మొన్న కూడా వంగిన నడుము ఎత్తకుండా పెసరచేలో కలుపు తీసింది. అబద్ధం ఆడేటప్పుడు ఇంత బరువుగా ఉంటుందని గోరికి తెలియదు. కొన్న నూనె ఎటూ పోదులే, ముసలిదానికి ఎప్పుడో ఒకప్పుడు మోకాళ్ళు నొప్పి పుట్టకపోవులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

రేపు పొద్దున తాండా నాయక్ ఇంటి ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. కలప డిపోలో వాచరుగా చేసే లాల్‌సింగ్ తరఫు వాళ్ళు వస్తారు. బెల్లం పంచుతారు. లంబాడీల్లో బెల్లం నోట్లో పడిందంటే మాట ఖాయమైనట్టే, ఇక ఆరు నూరైనా వెనక్కి పోదు. ఆ సంగతి అత్తకు తెలుసు, మరిదికి తెలుసు, లాల్‌సింగ్ ఇంట్లో కుక్కపిల్లకు కూడా తెలిసే ఉంటుంది, తెలియనిది హేమ్లి ఒక్కదానికే. తాముండే ఇల్లందు గని క్వార్టర్లలో పక్కింటి బుల్లెమ్మకు సైతం తెలుసు, అసలు ఈ పొయ్యి రాజేసింది ఆమే. బుల్లెమ్మ కుటుంబం కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని, క్వార్టర్ల దగ్గర కిరాణా పెట్టుకున్న మనుషులు. పోయిన నెల భద్రాచలం దర్శనానికని పోయి, ప్రసాదంతో పాటు ఒక కబురూ తెచ్చింది. "గోరీ, చెప్పకూడదు గానీ, మీ అమ్మాయి కరకట్ట మీద ఎవరో కుర్రాడితో పల్లీలు తింటూ కూర్చుంది. నేను కళ్ళారా చూశాను. ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే కదమ్మా" అంది. గోరి కొంప మునిగిందనుకుంది. పల్లీలు తింటే కొంప మునిగిపోతుందా అని ఆ పూట తోచలేదు. ముల్లునెవరూ ఏమీ అనరేం, ఎప్పుడూ ఆకునే తిడతారేం అని కూడా తోచలేదు. ఈ తోచనివన్నీ ఇప్పుడు వాగు ఒడ్డున, వాన చినుకులు రేకు మీద పడుతుంటే, ఒకటొకటిగా తోస్తున్నాయి. ఆ పూట తోచింది ఒకటే, అత్తకు కబురు పెట్టడం. అత్తకు కావలసిందీ అదే, వెంటనే లాల్‌సింగ్ సంబంధం చూసింది. మొగుడు బద్యా పొద్దుటి షిఫ్టుకు పోతూ గుమ్మంలో ఆగి, "పిల్లనడిగినవా?" అన్నాడు. "అడిగిన" అంది గోరి. "ఏమన్నది?" "మీ ఇష్టమన్నది." అతను ఆమె ముఖంలోకి కాసేపు చూసి, టోపీ పెట్టుకుని గనికి పోయాడు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో గోరి అతనితో ఆడిన అబద్ధాలు చిన్నాచితకవి, చీర ధర తగ్గించి చెప్పడం లాంటివి. ఈ అబద్ధం అలాంటిది కాదు.

రేపు బెల్లం తిన్నాక ఎల్లుండి నుంచి తాండా ఆడవాళ్ళు హేమ్లిని కూర్చోబెట్టి ఏడవడం నేర్పుతారు. పెళ్ళికూతురు ఊరు విడిచిపోయేటప్పుడు తల్లిని పట్టుకుని ఒక తీరుగా, తండ్రిని పట్టుకుని ఒక తీరుగా, అన్నదమ్ముల్ని, వదినల్ని, చివరికి గొడ్లపాకను పట్టుకుని కూడా పాటగా ఏడవాలి. ఆ ఏడుపుపాటను ఢావ్లో అంటారు. అది సొంత బుద్ధికి వచ్చేది కాదు, ముసలమ్మల దగ్గర కూర్చుని నేర్చుకునేది. ఎక్కడ గొంతు లాగాలి, ఎక్కడ వెక్కాలి, ఏ మాట దగ్గర తల భుజం మీద వాల్చాలి, అన్నీ ఉంటాయి. గోరి మంచి శిష్యురాలు. పొద్దుగూకే దాకా నేర్చుకునేది, పొయ్యి దగ్గర, నీళ్ళ దగ్గర పాడుకునేది, చూసినవాళ్ళు ఈ పిల్ల బాగా ఏడుస్తది అని మెచ్చుకునేవారు. అప్పటికి ఆమె ఇప్పటి హేమ్లి కన్నా చిన్నది. పుట్టింటిని విడవడం ఎలాగో అంత శ్రద్ధగా నేర్పిన మనుషులు అటుపక్క ఏముంటుందో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. తల్లిని అడిగితే తల్లి నవ్వి చెంప మీద చిన్నగా కొట్టింది, వదినను అడిగితే వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అందువల్ల బద్యా గుడిసెలో మొదటి రోజు అతను తలుపు చేరవేసి, ఏం మాట్లాడాలో తెలియక "భయమైతుందా?" అని అడిగేసరికి, ఆమెకు వచ్చిన విద్య ఒక్కటే గనుక గట్టిగా ఢావ్లో అందుకుంది. అతను బిత్తరపోయాడు. "ఇక్కడ మీ వాళ్ళెవరు లేరు గదా, ఎవరి కోసం ఏడుస్తున్నవ్?" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే నిజం ఏడుపూ వచ్చింది. అతను గొంగడి తీసుకుని బయటికి పోయి ఎద్దుల పక్కన పడుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎండలు పోయి వానలు వచ్చినా అంతే. నా కొడుకు ఎద్దుల్ని చేసుకున్నడా పెళ్ళాన్ని చేసుకున్నడా అని అత్త వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అడిగేది. బద్యా తల్లికి ఎదురు చెప్పగలిగిన మనిషి కాదు, తల వంచుకుని విని, పొద్దుగూకగానే మళ్ళీ గొంగడి తీసుకునేవాడు. గనిలో పని దొరికి ఇల్లందు పోయాక, ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఎరుకైన మనుషులయ్యాక, ఒకనాడు గోరి తనే గొంగడి లోపల పరిచింది. ఆ మనిషి మీద ఆమెకున్న ప్రేమంతా ఆ బయట పడుకున్న రోజుల్లో పుట్టిందే. ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, బద్యాకు కూడా.

లాల్‌సింగ్ అట్లా బయట పడుకుంటాడా? ఈ ప్రశ్న ఎక్కడి నుంచి ఊడిపడిందో గోరికి తెలియలేదు. లాల్‌సింగ్ మంచివాడే అయి ఉండొచ్చు. కానీ ఎవరికి తెలుసు, ఎవరు అడిగారు? జీతం అడిగారు, భూమి అడిగారు, గోత్రం అడిగారు. వద్దంటే ఆగుతాడా అని అడిగినవాళ్ళు లేరు. అది అడిగే మాటే కాదు మరి, సంబంధాల దగ్గర అలాంటి మాట ఎత్తితే మనిషికి పిచ్చెక్కిందంటారు.

"యాడీ, తింటవా?" అంది హేమ్లి, అమ్మను తమ లంబాడీ మాటలో పిలుస్తూ. కిటికీలోంచి మొక్కజొన్న కంకులు కొన్నది, ఒకటి తల్లి చేతిలో పెట్టింది. బొగ్గుల మీద కాల్చిన కంకి వేడిగా, ఉప్పూ కారంతో ఘాటుగా ఉంది. పొద్దున బస్టాండులో కూడా హేమ్లి ఇలాగే "యాడీ" అని పిలిచింది, పిలిచి, "ఇతను దస్రు, మా క్లాసే" అంది. దాచలేదు. ఆ సంగతి గోరిని అప్పటి నుంచి ముల్లులా గుచ్చుతూనే ఉంది. తను దాచి తీసుకుపోతోంది, పిల్ల మాత్రం దాచలేదు. దస్రు దుమ్ముగూడెం దగ్గరి కోయ గూడెం పిల్లగాడు, సన్నగా, ఏపుగా, చొక్కా చేతులు పొట్టయిపోయి ఉన్నాడు. నమస్తే అమ్మా అన్నాడు. గోరి బదులు చెప్పకుండా బస్సు వైపు చూసింది. హేమ్లి సంచి బరువుగా ఉందని చూసి, అందుకోవడానికి చేయి చాపి, "ఎక్కియ్యాల్నా?" అని అడిగాడు. "వద్దు, నేనే పట్టుకుంట" అంది హేమ్లి. అంతే, ఆ చేయి అక్కడే ఆగింది, వెనక్కి పోయింది. ముఖం మాడ్చుకోలేదు, మళ్ళీ అడగలేదు, లాక్కోలేదు. పక్కకు జరిగి దారిచ్చి, బస్సు కదిలాక చెయ్యెత్తాడు. ఇంతోటి దానికి ఏముంది అనుకోవచ్చు ఎవరైనా. సంచి దగ్గర ఆగినవాడు అన్నింటి దగ్గరా ఆగుతాడని రాసిపెట్టి ఉందా? లేదు. అయినా ఆగని చేతుల్ని గోరి ఈ లోకంలో చాలా చూసింది, బస్సుల్లో, సంతల్లో, గని గేటు దగ్గర. అందుకే ఆ ఆగిన చేయి ఆమె కళ్ళలోంచి పోవడం లేదు.

కంకి గింజలు ఒలుస్తూ కూతురి వేళ్ళు చూసింది. ఈ వేళ్ళకు పసుపు పూసిన రోజు గుర్తుకొచ్చింది, గుర్తుకు రాకూడదనుకునే కొద్దీ గుర్తుకొచ్చే రోజు. హేమ్లికి పదమూడు నిండాయి, బడి నుంచి వచ్చి గౌను వెనక మరక చూపించింది. తాండాలో అయితే తల్లికి తెలిస్తే చాలు, గుట్టుగా అయిపోయే సంగతి. కానీ అప్పటికి క్వార్టర్లలో పద్నాలుగేళ్ళ నుంచి ఉంటున్నారు, చుట్టూ ఆంధ్రా వైపు నుంచి వచ్చిన ఇళ్ళు, ప్రతి ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే టెంటు వేసి మైకు పెట్టి భోజనాలు పెట్టేవారు. "ఒక్కగానొక్క పిల్ల, నీకేం తక్కువ గోరీ, ఊరికే వదిలేస్తే లంబాడోళ్ళకేం తెలుసు అంటారు" అని బుల్లెమ్మ పురెక్కించింది. గోరికి అదొక గౌరవంగా తోచింది, మనమూ వాళ్ళలో ఒకళ్ళమవుతాం అనిపించింది. పిల్లను తాటాకు చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి ఉండలు తినిపించారు, కొత్త పట్టులంగా కట్టారు. మైకులో బానోతు బద్యా గారి ఏకైక పుత్రిక చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని మొదలుపెట్టి, సంగతేమిటో మూడు వాడలకూ వినిపించారు. హేమ్లి క్లాసు మగపిల్లలు టెంటు తాళ్ళు పట్టుకుని నిలబడి ఇకిలించారు. పాటల హోరులో ఆ పిల్ల గోరి చెయ్యి పట్టుకుని, "యాడీ, నాకేమైంది? సచ్చిపోతనా?" అని అడిగింది. గోరి వింది. విని, "ఊకో, అందరు చూస్తున్నరు" అంది. వచ్చినవాళ్ళంతా పోయాక, పట్టులంగా విప్పి విసిరికొట్టి హేమ్లి ఒక్క మాట అంది. "అందరికి మైకుల చెప్పినవ్. నాకే చెప్పలే." ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆ పిల్ల తల్లిని ఏమీ అడగలేదు. పుస్తకాలు కావాలంటుంది, చెప్పులు తెగాయంటుంది, ఒంటి గురించి మనసు గురించి ఒక్క ముక్క లేదు. హాస్టల్‌కు పోతానని తనే పట్టుబట్టింది. ఆ పెంకితనం చదువు మీద ఆశ అని బద్యా మురిసిపోయాడు. కాదు, ఈ ఇంట్లో అడిగేందుకు మనిషి లేకపోవడం వల్లేనని గోరికి ఎప్పుడో తెలుసు.

రేపు మళ్ళీ అదే జరుగుతుంది. మైకు ఉండదు, బెల్లం ఉంటుంది. అందరికీ తెలుసు, దానికే చెప్పలేదు. గోరి చేతిలో కంకి చల్లారిపోయింది.

తను మాత్రం ఎప్పుడు తెలుసుకుంది గనక? హేమ్లి పుట్టాక రెండు మూడేళ్ళు ఆమె లోపల ఒక జబ్బు దాచుకుంది. తెల్లబట్ట, నడుమునొప్పి, మంట, మనిషి చిక్కి సగమైంది. అది పాపమేమో అనుకుంది, ఎవరి దిష్టో అనుకుంది. బియ్యం కడుగు నీళ్ళు తాగింది, మేకను మొక్కుకుంది. బద్యా ఒకనాడు షిఫ్టు మానేసి, చెయ్యి పట్టుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కడ సుబ్బరత్నమని నర్సు ఉండేది, లావుపాటి మనిషి, నోరు పెద్దది. "ఇన్నాళ్ళు ఎక్కడ దాచావమ్మా దీన్ని, రోగానికి సిగ్గేమిటి?" అని మొదట కోప్పడింది. తర్వాత తలుపు మూసి, గోడకు తగిలించిన బొమ్మ కిందికి దించి, గర్భసంచి ఎక్కడుంటుంది, నెలనెలా ఎందుకు వస్తుంది, బిడ్డ ఎట్లా నిలుస్తుంది, నిలవకుండా ఏం చేసుకోవచ్చు, ఏ రోగం ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది, అన్నీ చెప్పింది. మందు ఇద్దరూ వేసుకోవాలి, నువ్వొక్కదానివే వేసుకుంటే మళ్ళీ వస్తుంది, నీ మొగుడు ఏమంటాడో అంది. ఏమంటాడు, బద్యా మాత్రలు అరచేతిలో వేసుకుని నీళ్ళు అడిగాడు. ఆ రోజు దవాఖానా మెట్లు దిగుతూ గోరికి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఇంత చిన్న సంగతికి, బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తే అయిపోయేదానికి, నన్ను ఇన్నేళ్ళు చీకట్లో ఎందుకు కూర్చోబెట్టారు అనుకుంది. నా పిల్లకు నేను చెప్తా అని కూడా అనుకుంది. ఆ పిల్ల పదమూడేళ్ళకు చేయి పట్టుకుని అడిగితే ఊకో అంది. తెలియక అనలేదు, తెలిసే అంది. నోరు రాలేదు. సిగ్గు ఎంత పాతదో, తల్లి నుంచి బిడ్డకు గాజులు దిగినట్టు ఎట్లా దిగుతుందో గోరికి అప్పుడు తెలిసింది.

వెనక మరో బస్సు వచ్చి ఆగింది. దాని కండక్టరు కిందికి దిగి, చప్టా వైపు చూసి, ఇటు నడిచొచ్చాడు. "మా బండి తిరిగి భద్రాచలం పోతది. నాకు డ్యూటీ దిగే టైమైంది. మళ్ళేటోళ్ళు జల్దీ రండి, ముందుకు పోయేటోళ్ళు ఈ బండిల ఉండండి" అని అరిచాడు. జనం లేచారు, మూటలు దించారు, ఎక్కించారు. వాగు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎవరో రాళ్ళు తేలుతున్నయ్ అని కేకేశారు. ఇటు బస్సు డ్రైవరు బీడీ పడేసి లేచాడు. గోరి కూతురి వైపు జరిగింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పడం లేదు, అవతలి ఒడ్డున చెప్పేది ఆమె కాదు, అత్త చెప్తుంది, బెల్లం పళ్ళెం చెప్తుంది. కూతురి మోచేయి పట్టుకుంది. చుట్టుపక్కల వాళ్ళకు తెలియకూడదని తమ లంబాడీ మాటలోనే మొదలుపెట్టింది.

"నాయనమ్మకు ఏం కాలే. మంచిగనే ఉన్నది. రేపు లాల్‌సింగ్ వాళ్ళు వస్తరు. బెల్లం పంచుతరు. నీకు చెప్పకుండ తీస్కపోతున్న."

హేమ్లి సంచిలోంచి నూనె సీసా తీసి చూసుకుంది, మూత బిగించి మళ్ళీ లోపల పెట్టింది. అరిస్తే బాగుండును, కొట్టినా బాగుండును అనుకుంది గోరి. "బుల్లెమ్మ చెప్పిందా?" అని మెల్లగా అడిగింది హేమ్లి. "అవ్" అంది గోరి. "ఆమె చెప్తే నమ్మినవ్. నన్నడగలే." "అడగలే. మీ నాయన అడగమన్నడు. అడిగిన అని అబద్ధం చెప్పిన." ఇంతవరకు వచ్చాక ఇక ఆపడం గోరి చేతిలో లేకపోయింది. నాలుగేళ్ళవి, పంతొమ్మిదేళ్ళవి, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు ఊకో అన్న, నాకు చెప్పనీకి రాలే, అది చావు గాదు మైల గాదు, ఒంటి ఆరోగ్యం అంది. మీ నాయన ఎద్దుల పక్కన పడుకున్న సంగతి చెప్పింది. తన జబ్బు చెప్పింది. సుబ్బరత్నం నేర్పిన మాటలకు లంబాడీలో ఆమె దగ్గర మాటలు లేవు, అందుకని అవి తెలుగులోనే, అదీ గట్టిగా, బయటపడ్డాయి. "గర్భసంచి" అనేసరికి ముందు సీటు ముసలాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు, "మందు ఇద్దరు వేసుకోవాలె" అనేసరికి కిటికీలోంచి తల బయట పెట్టేసుకున్నాడు. హేమ్లికి నవ్వాగలేదు. గోరికీ ఆగలేదు. ఆ నవ్వులో కళ్ళు తుడుచుకుంటూ, "నవ్వితే నవ్వు, విను" అంది. "ఎంత నచ్చినోడైనా సరే, నీకు ఇష్టం లేని పని చెయ్యమంటే వద్దను. అలుగుతడని, ఇడిచిపెట్టి పోతడని ఒప్పుకోకు. పోతే పోనీ. వద్దంటే ఆగేటోడే మనిషి. పెండ్లైనా గంతే, కాకున్నా గంతే. ఒక్కసారికి ఏం కాదని ఎవడన్న చెప్తే నమ్మకు, ఒక్కసారికే బిడ్డ నిలుస్తది, రోగం అంటుతది. తొందర లేదు. నీకేం తెల్వకపోయినా నన్నడుగు, నాకు తెల్వకుంటే ఇద్దరం పోయి నర్సమ్మనడుగుదాం."

హేమ్లి జడ కొసను వేలికి చుట్టుకుంటూ విన్నది. "దస్రు అంటే నాకిష్టమే" అంది. "గట్లని ఏం లేదు. మాట్లాడుకుంటం, చదువుకుంటం. డిగ్రీ అయ్యేదాక వేరే మాట వద్దనుకున్నం. ఓసారి క్లాసుల వేరే పిల్లగాండ్లతోని మాట్లాడకు అన్నడు. అయితే నీతోనే మాట్లాడ అన్న. వారం దినాలు మాట్లాడలే. తర్వాత వచ్చి తప్పైంది అన్నడు." గోరి ఆ మాట విని కూతురి ముఖం వైపు కొత్తగా చూసింది. తనకు పంతొమ్మిదేళ్ళ కాపురంలో కూడా రాని మాట ఇది. ఎవరు నేర్పారు దీనికి? ఎవరూ నేర్పలేదు, దానంతటదే నేర్చుకుంటోంది, తప్పో ఒప్పో వెతుక్కుంటోంది. చిరగడానికి నా పిల్ల అరిటాకు కాదు బుల్లెమ్మా అని మనసులోనే అంది. ఆ పిల్లగాడు రేపు మంచివాడుగా మిగులుతాడో లేదో గోరికి తెలియదు. మిగలకపోతే హేమ్లి ఏడుస్తుంది, అప్పుడు వచ్చి ఏడవడానికి ఒక ఒడి ఉండాలి. ఆమెకు కావలసిందల్లా అదే.

"లాల్‌సింగ్‌ను చేసుకుంటవా?" అని అడిగింది. పెద్దమనుషులు అడిగినట్టు కాదు, నిజంగానే అడిగింది. "వద్దు" అంది హేమ్లి. "ఎవరినీ వద్దు, ఇప్పుడు." "సరే" అంది గోరి. అంతే. ఇంత సులువా అనిపించింది, ఇంత సులువైన మాటకు ఇంత వాన, ఇంత వాగు కావలసి వచ్చిందా అనిపించింది. సులువు కాదని మళ్ళీ వెంటనే తెలిసింది. అవతల అత్త ఉంది. వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అడిగే నోరు అది, ఆ నోటి ముందు బద్యా ఇప్పటికీ తల ఎత్తడు. లాల్‌సింగ్ వాళ్ళు దండుగ అడుగుతారు, నాయక్ పరువు పోయిందంటాడు, మరిది ఇక నీ గడప తొక్కనంటాడు. పిల్ల ఎదురుగా ఉంటే అందరూ దాని మీద పడతారు, బుజ్జగిస్తారు, భయపెడతారు, చివరికి తల ఊపిస్తారు. తల ఊపడాన్ని ఇష్టం అని ఎట్లా పేరు పెడతారో గోరికి ఎరుకే. "నువ్వు తిరిగి పో. నేనొక్కదాన్నే పోయి చెప్త" అంది. "నిన్ను తిడతరు" అంది హేమ్లి. "తిట్టనీ" అంది గోరి. తిట్లకు భయం వేయడం లేదని కాదు, వేస్తూనే ఉంది, కానీ ఆ భయం కింద ఎక్కడో చాలా ఏళ్ళకు ఒక కుదురు దొరికినట్టుంది.

ఇద్దరూ దిగారు. వాన సన్నబడింది, ఎర్రమట్టి చెప్పులకు అంటుకుని లాగుతోంది. వెనక బస్సు దాకా గోరి సంచి మోయబోతే హేమ్లి ఇచ్చింది. ఎక్కించి, సీటు చూపించి, కండక్టరుకు నాలుగు మాటలు చెప్పి, ఇటు బస్సులోకి వచ్చి కూర్చునేసరికి డ్రైవరు ఇంజను మొదలుపెట్టాడు. అటు బస్సు మలుపు తిరగడానికి వెనక్కి వచ్చి ఇటు బస్సు పక్కనే నిలబడింది, కిటికీకి కిటికీ ఎదురుగా, చేయి చాపితే అందేంత దగ్గరగా. హేమ్లి కిటికీలోంచి సగం బయటికి వంగింది. ఏదో అనబోయి ఆగింది, చుట్టూ చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. ఇంజన్ల చప్పుడు మీదుగా, తెలుగులోనే, గొంతెత్తి అంది.

"యాడీ, నెలనెలా కడుపునొప్పికి లేవలేకపోతున్న. మొన్న పరీక్షప్పుడు కండ్లు తిరిగి పడిపోయిన. ఎవరికీ చెప్పలే. దవాఖానాకు పోవాలె, నువ్వొస్తవా?"

నొప్పి ఎన్నాళ్ళ నుంచో, పరీక్ష హాల్లో ఎవరు పట్టుకున్నారో, ఆ హాస్టల్ మంచం మీద ఒక్కతే ముడుచుకుని ఎన్నిసార్లు పడుకుందో, అన్నీ ఒకేసారి అడగాలనిపించింది గోరికి. ముందు సీటు ముసలాయన ఈసారి తల తిప్పుకోలేదు, చెప్పమ్మా, పిల్ల అడుగుతుంది గదా అన్నట్టు గోరి వైపే చూశాడు.

"వస్త" అంది గోరి. "ఎల్లుండే వస్త. మీ నాయనను గూడ తీసుకొస్త."

డ్రైవరు గేరు వేశాడు. బస్సు చప్టా మీదికి దిగింది, నీళ్ళు చక్రాలకు తగిలి రెండు వైపులా లేచాయి. గోరి కిటికీ ఊచలు పట్టుకుని వెనక్కి తిరిగి, అప్పటిదాకా వేడిసంచి పెట్టుకోమని, ఏమీ తినకుండా పడుకోవద్దని, ఎక్కువైతే ఆగకుండా వార్డెనమ్మకు చెప్పమని అరుస్తూనే ఉంది. అంత దూరానికి ఎన్ని మాటలు వినపడ్డాయో గానీ, హేమ్లి ప్రతి మాటకూ తల ఊపుతోంది.